మాట తప్పిన జట్టు

దుబ్బవాడ ఆడపిల్లల బేస్‌బాల్ జట్టు గెలిచిందన్న మాటను అందరికన్నా ఆఖరున నమ్మినది ఆ జట్టే. రవళి కొట్టిన బంతి మైదానం ప్రహరీ దాటి, పక్కన మార్కెట్ యార్డులో ఆరబోసిన పసుపు కుప్పలో పడింది. కొట్టిన రవళి మాత్రం బ్యాటు పట్టుకుని అక్కడే నిలబడి, నువ్వు ఔటయ్యావని ఎవరు చెబుతారా అని అలవాటు చొప్పున చుట్టూ చూస్తోంది.

"ఉరుకవేందే పోరీ!" అని గట్టు మీద నుంచి పోశవ్వ కేక పెట్టింది. "బంతి పోయింది! నాలుగు మూలలు సుట్టి ఇంటికి రా!"

రవళి అప్పుడు పరుగెత్తింది. అప్పటిదాకా ఆరుకు ఆరు ఉన్న లెక్క ఏడుకు ఆరు అయింది. ఆట అయిపోయింది. జిల్లా కేంద్రం జట్టు పిల్ల ఒకతి గోడ దూకి, మోచేతుల దాకా పసుపుతో బంతిని వెతుక్కొచ్చింది. తెల్లగా పోయిన బంతి పచ్చగా తిరిగొచ్చింది.

పోశవ్వకు ఆ జట్టంటే పిచ్చి. పదకొండేళ్లుగా ఒక్క ఆట కూడా వదలలేదు. బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చునేది. తునికాకు చుడుతూ, దారం కడుతూ, కళ్లు మాత్రం మైదానంలో ఉంచేది. ఎడమచేతి మణికట్టుకు రెండు దారాలు వేసుకునేది. ఎర్రది మనది, నల్లది అవతలివాళ్లది. ఒక పరుగుకు ఒక ముడి. ఈ పదకొండేళ్లలో నల్లదారం మూరెడు కట్టినా చాలక అతుకు వేయాల్సి వచ్చింది గాని, ఎర్రదారం జానెడు దాటింది లేదు. ఆ రోజు రెండు దారాలూ పక్కపక్కన పెట్టి మూడుసార్లు తడిమి చూసుకుంది. ఎర్రదానికి ఒక ముడి ఎక్కువే ఉంది.

రవళి ఆమె మనవరాలు. పదో తరగతి. ఈ ఏడు దాటితే వయసు మీరిపోతుంది, ఇంకో ఆట లేదు. గెలిచిన జట్టు ఆదివారం పొద్దున బస్సెక్కి రాష్ట్రస్థాయి పోటీలకు పోతుంది. దుబ్బవాడ నుంచి ఆ బస్సు ఎన్నడూ ఎవరూ ఎక్కలేదు. పోశవ్వకు బతుకులో ఇక చూడవలసింది ఏదైనా మిగిలి ఉంటే, రవళి ఆ బస్సెక్కడం ఒక్కటే.

వేదిక మీద జిల్లా క్రీడా వికాస అధికారి పురుషోత్తం గారు లేచి నిలబడ్డారు. జేబులోంచి కాగితం తీసి, కళ్లజోడు సర్దుకుని చదివారు.

"దుబ్బవాడ క్రీడాకారిణులారా! ఓడినందుకు తల వంచుకోవద్దు. మీ పరాజయంలో కూడా ఒక క్రమశిక్షణ ఉన్నది."

జట్టు పంతులు యాకూబ్ సారు వేదిక దగ్గరకు పోయి మెల్లగా అన్నాడు. "సార్, గెల్సింది మేమే."

పురుషోత్తం గారు కాగితం వంకా యాకూబ్ సారు వంకా చూసి, కాగితాన్నే నమ్మారు. ప్రసంగం చివరిదాకా చదివి, పేరు ముందే చెక్కించిన విజేత ఫలకాన్ని జిల్లా కేంద్రం జట్టు చేతిలో పెట్టారు. ఆ జట్టు నాయకురాలు అమూల్య దాన్ని పట్టుకుని, దొంగసొమ్ము మోస్తున్నట్టు ముఖం పక్కకు తిప్పుకుంది.

సభ అయ్యాక అధికారి యాకూబ్ సారును జీపు వెనక్కి తీసుకుపోయారు. చాట చంకన పెట్టుకుని పోశవ్వ కూడా వెనకే పోయింది.

"ఏమిటయ్యా ఈ పని?" అన్నారు పురుషోత్తం గారు. "మీ ఓటమి నివేదిక నిన్ననే రాష్ట్ర కార్యాలయానికి పంపించేశాం."

"ఆట ఇయ్యాల కదా సార్."

"అదే మన ప్రత్యేకత! సత్వర నివేదిక ఫలకం గురించి తెలుసునా నీకు? ఏ జిల్లా నివేదిక ముందు చేరితే ఆ జిల్లాకు. వరుసగా రెండేళ్లు మనకే వచ్చింది. నిరుడు పొరుగు జిల్లావాళ్లు ఆట ముగిసిన గంటలో పంపి ఎత్తుకుపోయారు. అందుకని ఈసారి మనం ఒక రోజు ముందు పంపించాం. ఇక మనల్ని మించేవాడు లేడు."

"ఒగవేళ గెలుస్తే ఎట్ల అనుకోలేదా సార్?"

పురుషోత్తం గారు నొచ్చుకున్నారు. "పదకొండేళ్లయ్యా! పదకొండేళ్లలో మీ జట్టు ఎన్నడైనా మాట తప్పిందా? ఆ నమ్మకంతోనే కదా పంపించాం!"

మర్నాడు బడికి ఒక తాఖీదు వచ్చింది. యాకూబ్ సారు దాన్ని బడి అరుగు మీద పిల్లలకు చదివి వినిపించాడు. 'పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, మీ జట్టు కార్యాలయ రికార్డులకు విరుద్ధముగా, ముందస్తు అనుమతి లేకుండా గెలుపొందినట్లు మా దృష్టికి వచ్చియున్నది. ఇట్టి గెలుపునకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా సమర్పించవలెను.' దాంతోపాటు నింపవలసిన పత్రం ఒకటి ఉంది. అందులో మొదటి గడి 'ఓటమికి కారణములు', రెండోది 'ఓటమికి బాధ్యులు', మూడోది 'ఓటమి అనంతరం క్రీడాకారుల మానసిక స్థితి'. గెలుపుకు గడి లేదు. ఎన్నడూ అవసరపడలేదు.

"మూడో గడిల ఏం రాయాలె సార్?" అని రవళి అడిగింది.

"రాత్రంత నిద్రపోలేదని రాయుండ్రి," అన్నాడు యాకూబ్ సారు. "గదైతే నిజమే."

అదే రోజు సాయంత్రం ఓదార్పు సభ. ఓడిన జట్లకు ధైర్యం చెప్పే పథకం కింద ప్రతి ఏడూ జరిగేదే. షామియానా వచ్చింది, అరటిపండ్లు వచ్చాయి, పట్నం నుంచి ధైర్యం చెప్పే ఆయన వచ్చాడు. మంజూరైన సభను ఆపే అధికారం ఎవరికీ లేదు గనుక, పిల్లలను తెచ్చి వరుసగా కూర్చోబెట్టారు.

"ఏడవండి," అన్నాడు పట్నం ఆయన. "లోపలి బాధను బయటికి రానివ్వండి. మొదటి మెట్టు కన్నీరు."

పిల్లలు నోళ్లకు చున్నీలు అడ్డం పెట్టుకున్నారు. భుజాలు కదులుతున్నాయి. ఆయన దాన్ని ఏడుపనుకుని మురిసిపోయి, "చూశారా, ఎంత తొందరగా ఫలితం వచ్చిందో!" అన్నాడు. అంతలో జట్టులో అందరికన్నా చిన్నది కిసుక్కుమని పైకే నవ్వింది. దాంతో పందిరంతా నవ్వులే నవ్వులు.

ఫొటో తీసే మనిషి దిగాలుగా నిలబడ్డాడు. "సార్, కార్యాలయం ఏడుపు ఫొటోలే అడుగుతది. గిట్ల నవ్వుతే పథకం పనిచేస్తలేదంటరు."

పురుషోత్తం గారు పిల్లలను మందలించి చూశారు. బతిమాలి చూశారు. ఆఖరికి వంటమనిషిని పిలిచి కోసిన ఉల్లిగడ్డలు తెప్పించారు. ఆ ఫొటోలు చాలా బాగా వచ్చాయని తరువాత అందరూ చెప్పుకున్నారు.

బుధవారం నాడు ఏకసభ్య విచారణ సంఘం కూర్చుంది. సభ్యుడు పురుషోత్తం గారే. తనను నియమిస్తూ తనకే ఉత్తరం రాసుకుని, అందినట్టు సంతకం చేసుకున్నారు. పక్కన గుమాస్తా దామోదర్ టైపు మిషను ముందు కూర్చున్నాడు. పసుపు అంటిన బంతిని గాజు సీసాలో పెట్టి బల్ల మీద ఉంచారు. సాక్షిగా పోశవ్వను పిలిచారు. చాట కింద పెట్టనంది గనుక చాటతోనే కూర్చోబెట్టారు.

"నువ్వు చూసినదంతా దాపరికం లేకుండా చెప్పు," అన్నారు పురుషోత్తం గారు.

పోశవ్వ మణికట్టు చాచి చూపించింది. "ఇగో సారు. ఎర్రదానికి ఏడు ముళ్లు, నల్లదానికి ఆరు. మీరే లెక్కవెట్టుకోండ్రి."

"దారం ప్రభుత్వ రికార్డు కాదు. మా నివేదికలో జిల్లా కేంద్రం తొమ్మిది, దుబ్బవాడ రెండు అని స్పష్టంగా ఉన్నది. విను. 'నాలుగవ ఆవృత్తమున (ఇన్నింగ్స్) భారీ వర్షము వలన ఇరువది నిమిషములు ఆట నిలిచిపోయినది.'"

"మొన్న వాన ఏడ వడ్డది సారు? ఎండకు నా తునికాకులు పెళపెళమన్నయ్."

"'అనంతరం ఒక నల్లకుక్క మైదానమున ప్రవేశించి బంతిని నోట కరచుకొని పోయినది. దుబ్బవాడ క్రీడాకారిణి సుజాతకు కాలు బెణికినది.'"

పోశవ్వ చాట మీద చెయ్యి వేసి పకపకా నవ్వింది. "అయ్యో, గది నిరుడు కథ సారు! నిరుడే వానొచ్చింది, నిరుడే కుక్కొచ్చింది. సుజాత పది పాసై కాలేజిల చదువుకుంటున్నది. మీ గుమాస్త నిరుటి కాయితమే తేది మార్చి పంపిండు!"

దామోదర్ టైపు మిషనులో ఏదో ఇరుక్కున్నట్టు తల అందులో దూర్చాడు.

పురుషోత్తం గారు మాత్రం తొణకలేదు. "అయితే మొన్న వర్షం పడలేదంటావు."

"చుక్క గూడ."

"రాసుకోండి దామోదర్ గారూ. నివేదికలో ఉన్న వర్షం మైదానంలో పడలేదు. కుక్క రాలేదు. సుజాత హాజరు కాలేదు. మొత్తం మ్యాచ్ లోపభూయిష్టంగా జరిగింది." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నివేదిక సక్రమంగానే ఉన్నది. ఆట తప్పు. కాబట్టి ఆటను సవరించాలి."

అలా శుక్రవారం నాడు రికార్డు సవరణ మ్యాచ్ ఖాయమైంది. నివేదికలో ఎలా ఉందో అలాగే ఆడాలి. జిల్లా కేంద్రం తొమ్మిది, దుబ్బవాడ రెండు. వాన కోసం అగ్నిమాపక కేంద్రానికి, కుక్క కోసం పురపాలక సంఘానికి, సుజాత కోసం కాలేజీకి ఉత్తరాలు పోయాయి. పురపాలక సంఘం వారు 'కుక్క రంగు తెలుపగలరు' అని తిరుగు ఉత్తరం రాశారు.

పురుషోత్తం గారు భోజనానికి లేచిపోయారు. పోశవ్వ వాంగ్మూలం కింద సంతకం పెట్టడానికి ఆగింది. ఆమె మనసు మనసులో లేదు. రవళి ఓడిపోవాలి. ఓడిపోతే ఆదివారం బస్సు లేదు.

"నా మీద కోపం వెట్టుకోకు అవ్వా," అన్నాడు దామోదర్, కాగితం ముందుకు తోస్తూ. "ఏడాదికి నూట నలపై రిపోర్టులు. ఒక్కన్నే కొట్టాలె. పాతయి సూసి కొడుతనే తెల్లారుతది. రాష్ట్రం పోటీలది సుత మొన్ననే పంపిన."

పోశవ్వ చేతిలో కలం ఆగింది. "రాష్ట్రం ఆటలు ఇంక అయ్యేదే ఉన్నయి కద బిడ్డా."

"అయితే ఏమాయె? మన జిల్లా అక్కడ గెలిచేదా పాడా? మొదటి ఆటల్నే ఓడిపోతరు. పదకొండు, ఒకటి. గదే పంపిన."

"ఎవరు ఓడిండ్రని రాసినవ్?"

"ఓడిన రిపోర్టంటే ఇంకెవరు, మీ దుబ్బవాడే. నా దగ్గర ఓడినోళ్ల పట్టీ అంటే మీ పిల్లలదే ఉన్నది. రవళి కెప్టెన్ అని సుత కొట్టిన. గెలిచినోళ్ల పేర్లు కొత్తగ ఎవడు కొడుతడు?"

"పంపినవా? తిరిగి తెచ్చుకునుడు లేదా?"

"పంపిన కాయితం తిరిగి రాదవ్వా. సారు అసలే ఒప్పుకోడు."

పోశవ్వ నిదానంగా, ఒక్కొక్క అక్షరం గుండ్రంగా తిప్పి సంతకం పెట్టింది. "సల్లగుండు బిడ్డా," అని, చాటలోంచి ఒక బీడీ కట్ట తీసి అతని బల్ల మీద పెట్టి బయటకు వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి రవళి బ్యాటును గోడకు కొడుతోంది. "నేను ఓడ అవ్వా. కాళ్లిరగ్గొట్టినా ఓడ. గెల్సినోళ్లం మేమైతే మల్ల ఓడుడేంది?"

"ఓడు బిడ్డా," అంది పోశవ్వ.

రవళి తన చెవులను తానే నమ్మలేనట్టు చూసింది. పదకొండేళ్లుగా గట్టు మీద గొంతు చించుకున్న మనిషి!

"నా మాట ఇను. ఒక్క పరుగు ఎక్కువ తక్కువ గాకుంట ఓడు. సారు కాయితంల ఎట్లున్నదో గట్లనే. రెండంటే రెండే. ఆయన చేతికి ఒక్క తప్పు గూడ దొరకొద్దు. మిగిలింది నాకిడిసిపెట్టు."

శుక్రవారం ఎండ దంచేస్తోంది. మొదటి ఆటకు రానివాళ్లు కూడా ఈ ఆటకు వచ్చారు. సుజాత కాలికి కట్టు కట్టుకుని, కుర్చీలో కూర్చుని వేరుశనగకాయలు తింటోంది. పురుషోత్తం గారు చేతిలో నివేదికతో మైదానం మధ్యలోనే నిలబడ్డారు.

దుబ్బవాడ పిల్లలు తమ రెండు పరుగులూ మొదటి ఆవృత్తంలోనే తీసేసి, పని తీరినట్టు కూర్చున్నారు. ఇక జిల్లా కేంద్రం తొమ్మిది తీయాలి. రవళి బంతిని పెళ్లికూతురు తలంబ్రాలు వేసినంత మెత్తగా విసిరింది. అమూల్య బ్యాటు ఎత్తలేదు.

"కొట్టవమ్మా!" అన్నారు పురుషోత్తం గారు.

"కొట్టను సార్. ఇది బంతా, బిచ్చమా? ఆ రోజు విసిరినట్లు విసరమనండ్రి, అప్పుడు కొడతా."

రవళికి పౌరుషం వచ్చి ఒక్కటి గట్టిగా విసిరింది. అమూల్య నిజంగానే బ్యాటు ఊపింది, తగల్లేదు. ఇద్దరూ ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. పురుషోత్తం గారు ఇద్దరి మధ్యకు పరుగెత్తుకొచ్చారు.

"ఆట ఆడవద్దు! దయచేసి ఎవ్వరూ ఆట ఆడవద్దు!"

ఆయనకు నిబంధనల పుస్తకంలో దారి దొరికింది. నాలుగు బంతులు పక్కకు విసిరితే అవతలి పిల్ల బ్యాటు ఎత్తకుండానే ఒక మూలకు నడిచిపోవచ్చు. వెనక ఇంకొకతి వస్తే ముందున్నది ఇంకో మూలకు నడుస్తుంది. అలా నడిపించారు. రవళి ప్రతి బంతినీ గోడవైపు విసిరింది. జిల్లా కేంద్రం పిల్లలు ఒకరి వెనక ఒకరు, చావు ఇంటికి పోయి వస్తున్నట్టు, తల వంచుకుని నాలుగు మూలలూ నడిచారు. బ్యాటుకు బంతి తగలకుండా తొమ్మిది పరుగులయ్యాయి.

మధ్యలో, నాలుగో ఆవృత్తంలో వాన కురిసింది. అగ్నిమాపక యంత్రం గొట్టం మొదట వేదిక వైపు తిరిగి, ముఖ్య అతిథుల మీద ఒక జల్లు పడ్డాక సరైన దారికి వచ్చింది. కార్యాలయం వాళ్లు ఇరవై నిమిషాలు గొడుగులు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. తరువాత కుక్కను విడిచారు. నల్లకుక్క దొరకక తెల్లదానికి బొగ్గుపొడి పూసి తెచ్చారు గనుక, అది ఆ తడి గడ్డిలో పొర్లి మళ్లీ తెల్లగా లేచింది. బంతిని వాసన చూసి, అక్కడే కాలెత్తి, వెళ్లిపోయింది.

"బంతిని నోట కరచుకోవాలి!" అని పురుషోత్తం గారు దాని వెంటపడ్డారు. ఎంత పరుగెత్తినా అది దొరకలేదు. ఆఖరికి బంతిని ఆయనే చేతిలో పట్టుకుని గేటు దాకా పోయి వచ్చారు. దామోదర్ 'కుక్క' అన్న గడిలో టిక్కు పెట్టుకున్నాడు.

ఇవన్నీ చూసి జనం విరగబడి నవ్వుతున్నారు. పోశవ్వ నవ్వలేదు. మనవరాలు చెయ్యెత్తి గోడవైపు విసిరిన ప్రతిసారీ ఆమె పెదవులు బిగుసుకున్నాయి. రవళి ముక్కు చీదుతోంది. ఈసారి ఉల్లిగడ్డలు లేవు. మణికట్టు మీద రెండు దారాలు ఉన్నాయి గాని, ఆ రోజు పోశవ్వ ఏ దారానికీ ఒక్క ముడి కూడా వేయలేదు.

ఆట ముగిసింది. పురుషోత్తం గారు తడిసిన చొక్కాతో మైకు పట్టుకున్నారు. "నేటితో మైదానం, రికార్డు ఒక్కటైనవి. దుబ్బవాడ తిరిగి తన మాట నిలబెట్టుకున్నది. ఆదివారం నాడు జిల్లా కేంద్రం జట్టు రాష్ట్రస్థాయి పోటీలకు..."

"సారు, ఒక్క మాట," అంటూ పోశవ్వ గట్టు దిగి వచ్చింది. "రాష్ట్రం ఆటల కాయితం సుత మీరు ముందే పంపిండ్రట గద?"

"పంపించాము! అందులోనూ మనమే ప్రథమం!"

"గా కాయితంల ఓడింది ఎవరని ఉన్నదో జెర సదువుతరా? గా దామోదర్ దగ్గర నకలుంటది."

దామోదర్ ముఖం వాడిపోయింది. సంచిలోంచి కాగితం తీసి ఇచ్చాడు. పురుషోత్తం గారు మైకులోనే చదివారు. "'రాష్ట్రస్థాయి పోటీల మొదటి మ్యాచ్‌లో, కెప్టెన్ రవళి నాయకత్వమున దుబ్బవాడ జట్టు...'" ఆయన గొంతు మెల్లగా తగ్గిపోయింది. "'...ఓటమి చెందినది.'"

"మరి మేం పోకుంటే ఎట్ల ఓడుతం సారు?" అంది పోశవ్వ, చాలా వినయంగా. "మీ కాయితం అబద్ధం కాదా?"

పురుషోత్తం గారు కాగితాన్ని తిప్పి వెనకవైపు కూడా చూశారు. ఇంకో సవరణ మ్యాచ్ పెట్టడానికి అది జిల్లా కాదు, రాష్ట్రం. నివేదిక వెనక్కి అడిగితే ఫలకం పోతుంది. నుదుటి మీది నీళ్లు తుడుచుకుని మళ్లీ మైకు అందుకున్నారు.

"కార్యాలయ గౌరవం దృష్ట్యా, దుబ్బవాడ జట్టు రాష్ట్రస్థాయికి తప్పనిసరిగా వెళ్లవలెను. వెళ్లి తప్పనిసరిగా ఓడవలెను. గెలిచిన జిల్లా కేంద్రం జట్టుకు కార్యాలయం తరఫున అభినందనలు. వారు ఇండ్లకు వెళ్లవచ్చును."

జిల్లా కేంద్రం పిల్లలు ముఖాలు చిన్నబుచ్చుకుంటారేమోనని పోశవ్వ భయపడింది. కాని అమూల్య తన చేతి తొడుగు విప్పి రవళి చేతిలో పెట్టింది. "నీది చినిగిపోయింది, సూసిన. ఇది తీస్కపో. మమ్మల్ని ఓడగొట్టినోళ్లు అక్కడ ఉత్తగనే ఓడిపోతే మాకు సిగ్గు."

ఆదివారం పొద్దున బస్సు వచ్చింది. పురుషోత్తం గారు మెట్టు దగ్గర నిలబడి, పదకొండుకు ఒకటి తేడాతో ఓడిపోతామని యాకూబ్ సారు చేత హామీపత్రం రాయించుకున్నారు. ప్రతి పిల్ల చేతికీ ఎన్నో ఆవృత్తంలో ఎలా ఓడాలో రాసిన కాగితం ఇచ్చారు. పిల్లలు వాటిని విసనకర్రలు చేసి విసురుకుంటూ కిటికీల దగ్గర కూర్చున్నారు.

పోశవ్వ కిటికీలోంచి మనవరాలి ఒళ్లో ఎర్రదారం ఉండ ఒకటి పడేసింది. కొత్తది, ఇంకా మొదలు విప్పనిది.

"గింత దారమెందుకు అవ్వా? సారు ఒక్క పరుగే రాసిచ్చిండు."

"ఉంచుకో. నేనక్కడ ఉండను గద. ముళ్లు నువ్వే వేసుకోవాలె."

బస్సు కదిలింది. పురుషోత్తం గారు దాని వెంట నాలుగడుగులు నడిచి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని అరిచారు. "పదకొండు, ఒకటి! మరువవద్దు! పదకొండు, ఒకటి!" బస్సు మలుపు తిరిగినా ఆయన మనసు కుదుటపడలేదు. చాట ఎత్తుకుని వెళ్లబోతున్న పోశవ్వను ఆపి, "ఓడతారంటావా?" అని అడిగారు.

"మీకెందుకు సారు రంది," అంది పోశవ్వ. "పదకొండేండ్లల్ల మా పోరగాండ్లు ఎన్నడన్న మాట తప్పిండ్రా?"